ఎంగిలి పెట్టె

నలభై నాలుగేళ్ల హరనాథ్ అద్దం ముందు నిలబడి, తన బట్టతల మీద లేని జడను రెండు చేతులా అల్లుకుంటున్నాడు.

అక్క వైదేహి గుమ్మంలోనే ఆగిపోయింది. తమ్ముడి వేళ్లు మూడు పాయలు తీస్తున్నాయి. ఒకదాని మీద ఒకటి వేసి బిగిస్తున్నాయి. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ ఒక్క జడైనా వేసి ఎరగని వేళ్లవి. చివర్న లేని రిబ్బను కూడా కట్టి, ఆ జడను భుజం మీంచి ముందుకు వేసుకుని, అద్దంలో ఆమెను చూసి సిగ్గుగా నవ్వాడు.

“బస్సు వచ్చేసిందా ఆంటీ?”

వైదేహి మెదడు జబ్బుల డాక్టరు. జ్ఞాపకం పోయినవాళ్లను ఎందరినో చూసింది. ఇది జ్ఞాపకం పోవడం కాదు. ఇంకెవరో రావడం.

“పొద్దున్నుంచీ ఇదే వరస వదినా,” అంది వెనక నుంచి హరనాథ్ భార్య కుసుమ. ఆమె చేతిలో కాఫీ చల్లారిపోయి మీగడ కట్టింది. “నన్నూ ఆంటీ అనే అంటున్నారు. కాఫీ ఇస్తే, ‘వద్దు, బాబాయ్ తిడతాడు, నాకు పాలే’ అన్నారు. నవ్వులాటకేమో అనుకున్నాను. ఏ బాబాయి వదినా? మీకసలు బాబాయిలే లేరు కదా?”

లేరు. వాళ్ల నాన్న తాతయ్యకు ఒక్కడే కొడుకు. అమ్మకు చెల్లెళ్లూ లేరు.

“ఇంట్లోనే ఉంచు. బయటికి పోనివ్వకు,” అని వైదేహి కారు తాళాలు అందుకుంది. సాంబమూర్తినగర్ మలుపు తిరిగేలోపల ఎన్నిసార్లు హారన్ కొట్టిందో ఆమెకే తెలియదు. ఎదురుగా ఎవరూ లేరు.

ఆ వేసవిలో హరనాథ్‌కు మెదడువాపు జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ, జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే మనిషి ఇల్లు, ఆలి, అక్క అన్నీ మరిచిపోయి ఆస్పత్రి నుంచి తిరిగొచ్చాడు. మందులన్నీ అయిపోయాక వైదేహి తన ల్యాబు తలుపు తెరిచింది. అక్కడ ఆమె తయారుచేసిన పద్ధతి పేరు స్వరసేతువు. చిన్నప్పుడు వేలసార్లు విన్న పాట మెదడులో బావి తాడులా మిగిలి ఉంటుంది. బొక్కెన అడుగున పడిపోయినా, తాడు కొస చేతికి దొరికితే చాలు.

అయితే పాట అచ్చం అప్పట్లాగే ఉండాలి. వాళ్ల నాన్న పెళ్లిళ్లకు ఆర్కెస్ట్రా నడిపేవాడు. రకరకాల వాద్యాల స్వరాలు పలికే ఆయన సింథసైజర్ పెట్టెను ఇంట్లోని కంప్యూటర్‌కు తగిలించి అక్కాతమ్ముళ్లు ఒక అంతరిక్షం ఆట ఆడేవారు. దాని ఇంగ్లీషు పేరు నోరు తిరగక ‘తోకచుక్క’ అని పిలుచుకునేవారు. ఇప్పుడు ఫోనులో దొరికే ఆ పాటను వినిపిస్తే హరనాథ్ ఆవులించాడు. ల్యాబులో పాత వాద్యాలు చూసే పెద్దిరాజు ఊళ్లన్నీ తిరిగి, చెన్నైలో మూతపడిన ఒక రికార్డింగ్ థియేటర్ నుంచి అదే రకం పెట్టెను పట్టుకొచ్చాడు. ఆట పంపే స్వరాలు తడబడకుండా పెట్టెలోకి దిగేలా తీగలన్నీ సరిచేశాడు. తలకు టోపీ పెట్టి, పాట తాళానికి సరిగ్గా టోపీలోని అయస్కాంతాలు మెదడును మెల్లగా తడుతుంటే, హరనాథ్ కళ్లు తెరిచి అన్నాడు: “అక్కా, నా వంతు ఇంకా అవలేదు.”

ఆ రోజు వైదేహి ల్యాబు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఆ తర్వాత తమ్ముడి సెషన్లో తాను కూర్చోకూడదని నియమం పెట్టుకుంది. ప్రేమ అడ్డొస్తే చూపు చెడుతుంది. ఆమె ఒక గదిలో గ్రాఫులు చూసేది. లోపల హరనాథ్ మాట్లాడేది హెడ్‌ఫోన్స్‌లో వినేది పెద్దిరాజు ఒక్కడే.

“పెట్టె కడిగారా పెద్దిరాజుగారూ?” వస్తూనే అడిగింది.

ఆ ల్యాబులో రోజూ వినపడే ప్రశ్నే అది. ఈ పాత పెట్టెలకొక గుణం ఉంది. ప్రతి ఆటా మొదలవుతూనే తన స్వరాలను పెట్టెకు నేర్పుతుంది. ఆట ఆపేసినా పెట్టె వాటిని విడవదు. చెరపకుండా ఇంకో ఆట పెడితే మొదటి ఆట వేణువులు రెండో ఆట పాటలోకి దూరతాయి. అలా చెరపని దాన్ని పెద్దిరాజు ‘ఎంగిలి పెట్టె’ అనేవాడు. చెరపడాన్ని ‘కడగడం’ అనేవాడు. ఆ మాటలే అందరికీ అలవాటయ్యాయి.

“ఆయ్, కడక్కేమండి,” అన్నాడు పెద్దిరాజు. యాభై దాటిన మనిషి, మండపేట వాడు. చేతిలో ఎప్పుడూ ఒక మెత్తటి గుడ్డ ఉంటుంది. “చంటిపిల్లకి నీళ్లు పోసినట్టు కడిగానండి. ఏమైందండీ?”

వైదేహి జవాబు చెప్పకుండా కిందటి సెషన్ పాటను పెట్టించింది. తోకచుక్క తోసుకుంటూ వచ్చింది. ఢమఢమలు, ఈలలు, ఎగిరే నౌకలు. కంప్యూటర్లు చూసే చక్రి తల పక్కకు వంచి విన్నాడు.

“ఆగండి మేడం. కింద ఏదో జుమ్మంటోంది. తేనెటీగల్లా. అంతరిక్షంలో తేనెటీగలెక్కడివి?”

“ఎంగిలి,” అంది వైదేహి.

“ఎంగిలే. కానీ అంతటితో పోలేదు మేడం. పెట్టెలో ఏ స్వరాలుంటే వాటికి కట్టిన జాడనే కదా కంప్యూటర్ టోపీకి పంపేది...” చక్రి మాట మధ్యలో మింగేశాడు.

పాట వింటున్నప్పుడు మెదడు పలికిన తీరును టోపీ పట్టి ఉంచుతుంది. దాన్నే జాడ అనేవారు. మర్నాడు ఆ జాడను మళ్లీ అందిస్తే జ్ఞాపకం ఇంకొంత పైకి వస్తుంది. హరనాథ్‌కు హరనాథ్ జాడే వెళ్లాలి. వెళ్లింది పరాయి జాడ. ఎవరో జడ వేసుకునే పిల్లది.

“ఆ జాడ తెరువు.”

చక్రి వెతికాడు. మళ్లీ వెతికాడు. “చెరిపేశారు మేడం.”

“ఎక్కణ్ణుంచి?”

“నా... నా కంప్యూటర్ నుంచే అని చూపిస్తోంది.”

పరాయి జాడను తీసేయడానికి ఒకటే దారి. అదే జాడను, అవే స్వరాలతో, తలకిందులు చేసి వినిపించాలి. అదీ వెంటనే. పాలు తోడుకున్నాక తోడును వేరుచేయడం ఎవరి తరమూ కాదు. హరనాథ్ నిద్రపోయి లేచిన ప్రతిసారీ ఆ పిల్ల ఇంకాస్త గట్టిపడుతుంది. హరనాథ్ ఇంకాస్త పలచబడతాడు. ఇంకో రెండు మూడు నిద్రలైతే మిగిలేది ఆ పిల్లే. ఇప్పుడు చూస్తే తీసేయడానికి కావలసిన జాడే లేదు.

“మీ అన్నయ్యకు కూతురుందన్నావు కదూ చక్రీ?”

“ఉంది. అయితే?”

“నిన్నేమని పిలుస్తుంది?”

“అన్నయ్య కూతురు బాబాయ్ అనక తాతయ్యా అంటుందా మేడం?” అని నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆపేశాడు.

“మా తమ్ముడు పొద్దున్నుంచీ ఎవరో బాబాయ్ కోసం కలవరిస్తున్నాడు. జాడ నీ కంప్యూటర్ నుంచి పోయింది. ఆ పిల్లకేమైనా అయిందా? దాచకుండా చెప్పు. కోప్పడను.”

చక్రి ఫోను తీసి, నంబరు నొక్కి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు. నాలుగోసారి మోగగానే అనకాపల్లి నుంచి ఒక చిన్న గొంతు గదినంతా కొట్టేసింది.

“బాబాయ్! ఈసారి కాజాలు తేకపోతే నీతో కటీఫ్! కిందటిసారి కూడా తెస్తానని డొల్లకబుర్లు చెప్పావ్!”

“తెస్తాన్రా బంగారం,” అని చక్రి ఫోను పెట్టేశాడు. “బతికే ఉంది మేడం. కాజాలు కూడా అడుగుతోంది.”

ఆ గొంతు మోగినప్పుడు మూలన పెట్టె తుడుస్తున్న పెద్దిరాజు చేయి ఆగింది. వైదేహి చూసింది గానీ, అప్పుడామెకు తన సిగ్గు తప్ప ఇంకేమీ కనపడలేదు.

“సారీ చక్రీ.”

“ఇంటికెళ్లి వస్తాను మేడం. ఇప్పుడిక్కడ కూర్చుంటే ఏదో ఒకటి అనేస్తాను.” తలుపు గట్టిగానే వేసి వెళ్లాడు.

ఆమె కుసుమకు ఫోను చేసి హరనాథ్‌ను రప్పించింది. తన కళ్ల ముందే పెట్టెను కడిగించింది. చిన్న పచ్చటి తెర మీద అక్షరాలన్నీ పోయి ఖాళీ గీత మిగిలేదాకా చూసింది. తన నియమాన్ని తానే దాటి, తమ్ముడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. పెద్దిరాజు యథాప్రకారం పక్క యంత్రాల గదిలోకి వెళ్లాడు. తోకచుక్క మొదలైంది. తేనెటీగలు లేవు. హరనాథ్ సొంత జాడ మాత్రమే.

హరనాథ్ కుడిచేయి ఆట పిడిని పట్టుకున్నట్టు ముడుచుకుంది. బొటనవేలు టకటకా నొక్కుతోంది. పెదవులు కదిలాయి.

“అక్కా.”

“ఇక్కడే ఉన్నాన్రా!”

“అక్కా, లోపల ఎవరో పాప ఉంది.” అతని గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. “జరగమంటే ఏడుస్తోంది. పాపం, చిన్నదక్కా. నేనే జరుగుతున్నాను.”

“జరగకు! హరీ, జరగకురా!”

పాట అయిపోయింది. హరనాథ్ కళ్లు తెరిచి, ఆమె చేతిలోంచి తన చేతిని మర్యాదగా లాక్కున్నాడు. “మీరెందుకేడుస్తున్నారు ఆంటీ?”

మధ్యాహ్నానికి మళ్లీ ఇంట్లో ఉన్నారు. ముందు గదిలో నేల మీద బాసింపట్టు వేసుకుని హరనాథ్ గచ్చకాయలు ఆడుతున్నాడు. ఎడంచేత్తో ఎగరేసి, ఎడంచేత్తోనే ఒడుపుగా అందుకుంటున్నాడు. అతనిది కుడిచేతి వాటం.

“పెళ్లి ఫొటో చూపించాను,” అంది కుసుమ. ఏడుపు అయిపోయిన గొంతు అది. “‘ఈవిడ మీరే కదా ఆంటీ, పక్కన అంకులెవరు?’ అన్నారు. నిన్న నా పేరు చెప్పడానికి కాసేపు తడుముకున్నారు. అప్పుడే మీకు ఫోను చేయాల్సింది. పడుకుని లేస్తే సర్దుకుంటుందిలే అనుకున్నాను వదినా. పడుకోబెట్టింది నేనే.”

వైదేహి తమ్ముడి ఎదురుగా నేల మీద చతికిలబడింది. తమ్ముణ్ణి అలా పిలవడానికి నోరు రావడం లేదు. అయినా పిలిచింది.

“నీ పేరేంటమ్మా?”

“లల్లి. బళ్లో లలితాదేవి.”

“మీ బాబాయ్ ఎక్కడుంటారు లల్లీ?”

“ఇంకెక్కడ? మా ఇంట్లోనే. పెదనాన్న, దొడ్డమ్మ, అన్నయ్యలు, అక్కలు... అందరం ఒక్క ఇంట్లోనే. నేనే అందరికంటే చిన్న.” గచ్చకాయ ఎగిరింది.

“బాబాయ్ వాళ్లావిడని ఏమంటావు? పిన్నీ అంటావా?”

హరనాథ్ పకపకా నవ్వాడు. అందుకోవలసిన కాయ జారి సోఫా కిందకు దొర్లింది. “పిన్నేంటి ఆంటీ! అమ్మని ఎవరైనా పిన్నీ అంటారా?”

వైదేహికి వెంటనే అందలేదు. కుసుమకు అందింది.

“వదినా, ఇంట్లో పెద్దపిల్లలంతా బాబాయ్, బాబాయ్ అంటుంటే విని విని ఈ పిల్లా అదే పట్టుకుంది. మా పుట్టింట్లో మా తమ్ముడు మా అమ్మని పెళ్లయ్యేదాకా ‘అత్తా’ అనే అనేవాడు, మేనత్త పిల్లలతో పెరిగి. వచ్చినవాళ్లంతా బుగ్గలు నొక్కుకునేవాళ్లు.” కుసుమ గొంతు తగ్గించింది. “ఈ బాబాయ్ బాబాయ్ కాదు. వాళ్ల నాన్న.”

పొద్దున్నుంచీ వైదేహి ఒక పినతండ్రి కోసం వెతికింది. పిన్నవాడు, అమాయకుడు ఒకణ్ణి పట్టుకుని నిలదీసింది. వెతకవలసింది తండ్రిని.

“మీ బాబాయ్ ఏం పని చేస్తారు లల్లీ?”

“పెట్టెలు కడుగుతాడు,” అన్నాడు హరనాథ్, సోఫా కింద చేయి పెట్టి వెతుకుతూ. “పాటల పెట్టెలు.”

ల్యాబుకు వెళ్లేసరికి సాయంత్రపు ఎండ కిటికీలోంచి పెట్టె మీద ఏటవాలుగా పడుతోంది. పెద్దిరాజు ఒక్కడే ఉన్నాడు. తీగలు తీస్తున్నాడు, తగిలిస్తున్నాడు. తల ఎత్తలేదు. దార్లో వైదేహి ఎన్నో అడగాలనుకుంది. తీరా అతని వంగిన వీపు చూశాక ఒక్క మాటే వచ్చింది.

“లల్లి గచ్చకాయలు ఆడుతోంది.”

తీగ అతని చేతిలోంచి జారింది. దాన్ని వెతుక్కోకుండానే అడిగాడు.

“ఎడంచేత్తోనా అండీ?”

“అవును.”

“అయితే అదేనండి.” పెద్దిరాజు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. “కూర్చోండి మేడం. మీరు నిలబడితే నేను చెప్పలేను.

“మీ దగ్గర చేరకముందు, మీ టోపీకి తొలి నమూనా మండపేటలో నేనే చేసిచ్చాను కదండీ. అది పని చేస్తందో లేదో చూడ్డానికి ఎవరి తల దొరుకుద్ది? మా అమ్మాయి తలే. దానికి తేనెటీగల ఆటంటే పిచ్చి. నేను బాగుకొచ్చిన పెట్టెలో స్వరాలు కూరుస్తుంటే పక్కన చేరి, ‘ఇలా కాదు బాబాయ్, ఇంకా జుమ్మనాలి’ అని నా పని చెడగొట్టేది. దాని జాడ అలా వచ్చిందండి. ఆ వానాకాలమే డెంగీ. మీ దగ్గర చేరినప్పుడు పిల్లల్లేరన్నాను. అబద్ధమేం కాదండి. అప్పటికి లేదు.

“జాడ చక్రి కంప్యూటర్లో ఆ స్వరాలకే కట్టి దాచుకున్నాను. పొద్దున్నే మీ అందరికన్నా ముందొచ్చి తేనెటీగల పాట పెట్టుకునేవాణ్ణి. వినడానికేనండి, అంతే. పెట్టె పాడుద్ది గానీ పిలవదు కదా. ఓ రోజు మీ తమ్ముడుగారు తొందరగా వచ్చేశారు. ఆ హడావుడిలో పెట్టె కడగలేదు. నా ప్రాణం మీదొట్టు, మరిచిపోయాను. పాట సగంలో ఉండగా హెడ్‌ఫోన్స్‌లో ‘బాబాయ్’ అని వినపడింది. మగ గొంతే. కానీ చివర్న ఆ సాగదీయడం దానిదే. ఇంకెవరూ అలా సాగదీయరండి.

“అప్పుడే చెప్పాల్సింది. మీరు పక్క గదిలోనే ఉన్నారు. తలుపు తీసే ఉంది. చెప్పలేదు. మొదటిసారి మరిచిపోయాను మేడం. రెండోసారి మరిచిపోలేదు. ఆ తర్వాత ఒక్కసారీ మరిచిపోలేదు. మీరు అడిగినప్పుడల్లా కడిగానని చెప్పాను. ఆయన తరిగిపోతన్నారని తెలుసండి. నిన్న భార్యగారి పేరు కోసం ఇక్కడే తడుముకున్నారు. విన్నాను. విని కూడా ఇంకోసారి పెట్టాను. ఆయన వెళ్లాక భయమేసి చక్రి కంప్యూటర్లోంచి జాడ తీసేశాను. పొద్దున్న మీరా కుర్రాణ్ణి నిలదీస్తంటే నోరు విప్పలేదు. ఫోన్లో ఆ పాప బాబాయ్ అంటే గుండె ఆగింది. అప్పుడూ విప్పలేదు.

“ఎందుకంటారా? ఆస్పత్రిలో లోపలి గదిలోకి అమ్మానాన్నల్నే రానిస్తారండి. లోపల్నించి అది నన్ను బాబాయ్ అని పిలిచింది. గుమ్మం దగ్గరున్నతను, ‘బాబాయిలకి లేదు, తండ్రిని పిలవండి’ అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అతని మీద మండాల్సింది, దాని మీద మండింది. ‘ఇక్కడ నన్ను నాన్నా అనాలి, లేకపోతే రానివ్వరు, తెలిసిందా?’ అని కసిరాను. ఆ జ్వరంలోనే తలూపింది. ఆ పూట నించీ నాన్నా అనే అందండి. నీళ్లకీ నాన్నా, నొప్పికీ నాన్నా. బళ్లో పాఠం ఒప్పజెప్పినట్టు. తప్పు పలికితే నన్ను గెంటేస్తారని దాని భయం. పోయేముందు కూడా అదే మాట. నా కూతురు నన్ను కాదండి, ఎవర్నో పిలుస్తా పోయింది.

“మీ తమ్ముడుగారి నోట నా పిలుపు నాకు వినపడింది. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అనుకుంటా ఆయన్నే తినేశాను.

“ఆ జాడకి నకలు ఇంకోటి నా దగ్గరుంది, ఇదిగో. తలకిందులు చేయడం అయిపోయింది. తేనెటీగల స్వరాలు పెట్టెలోకి దించేశాను. మధ్యాహ్నం నించీ ఆ పనే చేస్తన్నాను. మీరు రాకపోయినా మీ ఇంటికే వద్దామనుకున్నాను. వచ్చేవాణ్ణో లేదో, అది మాత్రం తెలీదు. ఆయన్ని తీసుకురండి, ఇంకో నిద్ర పడకముందే. మీట మాత్రం మీరే నొక్కండి మేడం. నన్ను బయట పెట్టి తలుపు గడియేయండి. హెడ్‌ఫోన్స్ నా చేతికివ్వకండి. నేను బతిమాలినా ఇవ్వకండి. అది ఒక్కసారి బాబాయ్ అందంటే... నేను మళ్లీ మరిచిపోతాను.”